రక్షణ నిశ్చయతకు తేదీ గీటురాయి కాగలదా?
2 కొరింథీ 13:5ను మన ప్రసంగవేదికలు వినియోగించుచున్న తీరుపై ఒక విమర్శ

తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు, మదనపల్లె ప్రాంతములలో జరుగు సువార్త కూటములలో ఒక ప్రశ్న తరచుగా వినబడును: “నీవు రక్షణ పొందితివా? ఏ దినమున పొందితివి?” ఈ ప్రశ్నకు ఆధారముగా పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 13:5 చదువబడును. తేదీ చెప్పగలవారు చేతులెత్తుదురు. చెప్పలేనివారు ముందుకు రావలెనని పిలుపు ఇయ్యబడును. ఈ పద్ధతి నామకార్థ క్రైస్తవులను అనేకులను మేల్కొలిపినదనుట నిజము. దానిని తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. అయితే ఆ వచనము నిజముగా అడుగుచున్న ప్రశ్న ఇదేనా? ఈ ప్రశ్న విశ్వాసికి నిశ్చయతను ఇచ్చుచున్నదా, తీసివేయుచున్నదా? ఈ వ్యాసములో మేము పరిశీలింపగోరునది ఇదియే.

1. ప్రశ్న వెనుకనున్న నష్టము

తేదీని గీటురాయిగా పెట్టుట వలన ఇద్దరికి నష్టము కలుగుచున్నది. మొదటివాడు తేదీ లేనివాడు. క్రైస్తవ గృహములో పుట్టి, తల్లి ఒడిలో ప్రార్థన నేర్చుకొని, ప్రభువును ప్రేమింపని దినమేదో జ్ఞాపకము లేనివాడు. ఇట్టివారు మన సంఘములలో కొద్దిమంది కాదు. కూటములు జరిగిన ప్రతిసారి ముందుకు వచ్చువారు, ఒక బాప్తిస్మము చాలదేమోనని మరియొకటి తీసికొనువారు, మరణశయ్యపై “అయ్యగారూ, నేను నిజముగా రక్షింపబడితినా?” అని కాపరిని అడుగువారు వీరిలోనివారే.

రెండవవాడు తేదీ గలవాడు. అతడు సంవత్సరము, నెల, దినము, ప్రసంగీకుని పేరు సహా చెప్పగలడు. కాని గట్టు తగాదా వలన సొంత తమ్మునితో ఏండ్ల తరబడి మాటలాడడు. సంఘపు లెక్కలు అడిగినవానిపై పగ పట్టును. అతని నిశ్చయతను ఎవరును ప్రశ్నింపరు, ఏలయనగా అతనికి తేదీ ఉన్నది. మొదటివానికి ఉండవలసిన ఆదరణ లేకపోయినది. రెండవవానికి ఉండవలసిన భయము లేకపోయినది. ఒకే కొలత ఇద్దరి విషయములోను తప్పినదనగా లోపము కొలతలోనే ఉన్నదేమోనని విచారింపవలసి యున్నది.

దీనికి తోడు మన ప్రాంతమునకు ప్రత్యేకమైన సంగతి ఒకటి కలదు. మొక్కు అను ఆచారము మధ్య పెరిగిన ప్రజలు మనవారు. మొక్కుకొనుట, కొండకు నడచిపోవుట, తలనీలాలిచ్చుట, మొక్కు తీరినదని ఇంటికి మరలుట అందరు ఎరిగిన సంగతులే. అక్కడ చెల్లింపునకు ఒక దినము ఉండును, ఆ దినముతో లెక్క ముగియును. ఈ మనస్సుతో వినువానికి “ఆ తేదీన నేను ప్రభువును అంగీకరించితిని” అను మాట మొక్కు చెల్లించినట్లే వినబడవచ్చును. ప్రసంగీకుడు నూతన జన్మను గూర్చి చెప్పుచుండగా శ్రోత ముగిసిన లెక్కను గూర్చి వినుచుండవచ్చును.

2. ఈ నేలకు వచ్చిన మూడు ఉపదేశములు

నిశ్చయతను గూర్చి మన పితరులకు అందిన ఉపదేశము ఒక్కటి కాదు. 1865లో ఆగస్టు మీలియస్ సూళ్లూరుపేటలో ప్రారంభించిన హెర్మన్స్‌బర్గ్ మిషను పని వలన లూథరన్ విశ్వాసము ఈ ప్రాంతమునకు వచ్చినది. 1945లో ఏర్పడిన దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘమునకు తిరుపతి కేంద్రమైనది. లూథరు 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరి విశ్వాసి చూపును అతని లోపలి అనుభవము మీదికి గాక దేవుని వాగ్దానము మీదికిని, ఆ వాగ్దానముతో కూడిన బాప్తిస్మము మీదికిని త్రిప్పును. అయితే ఆ ప్రశ్నోత్తరియే బాప్తిస్మపు భావమును వివరించుచు, పాత స్వభావము ప్రతిదినము చావవలెనని బోధించుచున్నది. బాప్తిస్మ రిజిస్టరులో పేరుంటే చాలునను మాట లూథరు బోధ కాదు.

రెండవది, 1853లో స్కడర్ సోదరులు స్థాపించిన ఆర్కాటు మిషను. జేకబ్ ఛాంబర్లేన్ మదనపల్లె కేంద్రముగా పనిచేసినది ఈ మిషనులోనే. దానిని పంపిన అమెరికా రిఫార్మ్‌డ్ సంఘము హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిని (1563), డోర్ట్ సభ నిర్ణయములను (1618–19) తన విశ్వాస ప్రమాణములలో చేర్చుకొన్నది. హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి నిజమైన విశ్వాసమును స్థిరమైన నమ్మికగా వర్ణించుచు (ప్రశ్న 21), మంచి క్రియల ఫలముల వలన విశ్వాసి తన విశ్వాసమును గూర్చి రూఢిపరచుకొనునని చెప్పుచున్నది (ప్రశ్న 86). డోర్ట్ సభ మరియొక అడుగు ముందుకు వేసి, ఈ నిశ్చయత అందరికి ఒకే మోతాదులో ఉండదనియు, బలమైన నిశ్చయత ఇంకను కలుగనివారు బెదరిపోక వాక్యమును, ప్రార్థనను, సంస్కారములను విడువక కొనసాగవలెననియు ఉపదేశించినది. పొగలుచున్న వత్తిని ఆర్పని ప్రభువును అది వారికి జ్ఞాపకము చేసినది. 1947లో దక్షిణ ఇండియా సంఘములో కలిసిన మన విశ్వాసులలో అనేకులు ఈ వారసత్వము గలవారే.

మూడవది ఉజ్జీవ ధార. 1941లో మద్రాసులో యెహోవా షమ్మాతో సంఘస్థాపన ఆరంభించి, తరువాత హైదరాబాదులోని హెబ్రోను కేంద్రముగా సేవచేసిన భక్తసింగ్ (1903–2000) పరిచర్య, దాని వెంట బ్రదరన్, పెంతెకోస్తు సంఘముల సేవ వ్యక్తిగత మారుమనస్సును గట్టిగా అడిగినవి. తండ్రి విశ్వాసము కుమారుని రక్షింపదను సత్యమును నిద్రించుచున్న పాత సంఘములకు అవి వినిపించినవి. ఆ ఋణము మనము ఒప్పుకొనవలసినదే.

ఈ మూడును ఒకదానికొకటి శత్రువులు కావు. దేవుని వాగ్దానము, జీవితములోని ఫలము, వ్యక్తిగతమైన మళ్లుకొనుట అను మూడింటిని వాక్యము కలిపి ఉంచినది. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, మూడవ ధారలోని ఒక సాక్ష్యపు రూపము, అనగా తేదీ చెప్పుట, మిగిలిన రెండింటిని త్రోసివేసి అందరికి ఏకైక పరీక్షగా మారినప్పుడు.

3. పౌలు అడిగినదేమి?

2 కొరింథీ 13:5 ఒంటరిగా నిలిచిన వచనము కాదు. 13:3లో కొరింథీయులు పౌలును పరీక్షించుచున్నారు. క్రీస్తు అతనియందు పలుకుచున్నాడనుటకు రుజువు అడుగుచున్నారు. ‘రుజువు’ అను అర్థమిచ్చు గ్రీకు పదము డోకిమే. అయిదవ వచనములో పౌలు అదే ధాతువునుండి వచ్చిన డోకిమాజో అను క్రియను వారివైపు త్రిప్పుచున్నాడు. మమ్మును పరీక్షించువారలారా, మొదట మిమ్మును పరీక్షించుకొనుడని అతని భావము. ఇచ్చట మూడు సంగతులు గమనింపదగినవి.

మొదటిది, పౌలు వారి జ్ఞాపకశక్తిని పరీక్షించుట లేదు. వారు విశ్వాసమందు ఉన్నారా అని వర్తమానకాలములో అడుగుచున్నాడు. ఎప్పుడు ప్రవేశించితిరని అడుగలేదు. డోకిమాజో లోహములను పరీక్షించుటకు కూడ వాడబడిన మాట. మన బజారులోని కంసాలిని చూడుడి. ఈ బంగారము ఏ దినమున గనిలోనుండి తీయబడెనని అతడు అడుగడు. గీటురాయిపై గీసి, పడిన గీత ఏమి చెప్పుచున్నదో చూచును.

రెండవది, పౌలు ఎదురుచూచు జవాబు “అవును” అనునదే. యేసుక్రీస్తు మీలో ఉన్నాడని మీకు తెలియదా అని అతడు అడుగుట సందేహము పుట్టించుటకు కాదు. వారు నిజమైన విశ్వాసులైతే వారికి సువార్త తెచ్చిన పౌలు కూడ నిజమైన అపొస్తలుడే. ఈ వాదమునకు బలము ఇదియే. వారు విశ్వాసులు కారని తేలినయెడల అతని వాదమే కూలిపోవును. కాబట్టి ఈ వచనమును విశ్వాసులను అనుమానములో పడవేయుటకు వాడుట దాని దిశను తారుమారు చేయుటయే. పదియవ వచనములో అతడు తన అధికారము కట్టుటకే గాని పడగొట్టుటకు కాదని చెప్పుట కూడ దీనికి సరిపోవుచున్నది.

మూడవది, ఈ పరీక్ష తేలికైనది కాదు. దీనికి కొంచెము ముందు, 12:20–21లో, పౌలు కలహములను, అసూయను, కొండెములను, మారుమనస్సు పొందని అపవిత్రతను పేరుపెట్టి చెప్పుచున్నాడు. ఆదరణ నిచ్చు వచనమే పాపమును దాచనియ్యని వచనము. తేదీ అడుగువాడు ఈ జాబితాను అడుగక దాటిపోవుట వింతయైన విషయము.

మరియు ఈ వచనములోని క్రియలు, సర్వనామములు బహువచనములు. పౌలు ఒక సంఘమును పరీక్షించుకొనుమనుచున్నాడు. మనము దానిని ఒక్కొక్కరిని వేరుచేసి నిలబెట్టు వచనముగా మార్చితిమి. వ్యక్తి తన్ను తాను పరీక్షించుకొనవలసినదే, 1 కొరింథీ 11:28, గలతీ 6:4 అదే క్రియతో దానిని చెప్పుచున్నవి. అయితే ఆ రెండు చోట్లను సహోదరులు ప్రక్కనే ఉన్నారు. ఒకచోట బల్లయొద్ద, మరియొకచోట ఒకరి భారమును ఒకరు మోయుచు.

4. రెండు తెలుగు మాటలు

ఈ వచనపు భయము కొంతవరకు మన పాత తర్జుమాలోని మాటల వలన కూడ కలుగుచున్నది. తర్జుమాదారుల శ్రమను మేము గౌరవింతుము. అయినను మాటలకు కాలక్రమమున అంటుకొన్న అర్థములను బోధకుడు విప్పి చెప్పవలెను.

అందు మొదటి మాట ‘శోధించుకొనుట’. తెలుగు సంఘములో ‘శోధన’ అనగానే సాతాను తెచ్చు శోధన, కష్టము, పరీక్షాకాలము మనస్సునకు వచ్చును. ఇచ్చటి పెయిరాజో అను క్రియకు ఆ అర్థము లేకపోలేదు గాని, ఈ సందర్భములో అది వెదకి చూచుకొనుట అను భావమునే ఇచ్చుచున్నది.

రెండవ మాట ‘భ్రష్టులు’. గ్రీకులో అడోకిమోస్ అనగా పరీక్షలో నిలువనిది, గీటురాయికి ఆగనిది. తెలుగులో భ్రష్టుడనగా పడిపోయినవాడు, వెలివేయబడినవాడు. కులభ్రష్టుడు, మతభ్రష్టుడు అను మాటలను మన పల్లెలు మరువలేదు. వెలిని అనుభవించిన తరముల బిడ్డలు మన సంఘములలో అధికముగా ఉన్నారు. వారి చెవికి ఈ మాట పరీక్షా ఫలితముగా కాక వెలివేయు తీర్పుగా వినబడును. వేదికపై ఆ వచనమును బిగ్గరగా చదివి వివరింపక విడుచు బోధకుడు, ఊరు వేసిన పాత వెలిని దేవుని నోట పెట్టినవాడగును. గీటురాయి భావమును విప్పి చెప్పుట పండితుల సరదా కాదు. అది కాపరి బాధ్యత.

5. తేదీగల సాక్షులు చెప్పునదేమి?

తేదీని కోరువారు సాధారణముగా గొప్పవారి మారుమనస్సులను ఉదాహరింతురు. ఆ ఉదాహరణలనే దగ్గరగా చూతము. భక్తసింగ్ 1928లో కెనడాకు ప్రయాణించుచుండగా ఓడలో జరిగిన ఆరాధనలో మోకరించినప్పుడు క్రీస్తు ప్రభావమును మొదటిసారి అనుభవించెను. 1929లో విన్నిపెగ్ పట్టణములో క్రొత్త నిబంధన చదువుచు ప్రభువునకు లోబడెను. 1932లో వాంకూవరులో బాప్తిస్మము పొందెను. వీటిలో రక్షణ తేదీ ఏది? 1929 అని చెప్పుట సమంజసమే. కాని ఓడలో ఆయనను మోకరింపజేసిన కృప ఎవరిది? దేవుని పని ఒక్క తేదీలో ఇమిడినదిగా ఆ జీవితమే చూపుట లేదు.

జాన్ వెస్లీ విషయము మరింత స్పష్టము. 1738 మే 24న ఆల్డర్స్‌గేట్ వీధి కూటములో ఆయన హృదయము వెచ్చబడిన సంగతి ప్రతి బైబిలు కళాశాల విద్యార్థికి తెలిసినదే. అయితే 1739 జనవరి 4న అదే వెస్లీ తన దినచర్యలో తాను క్రైస్తవుడను కానని వ్రాసికొనెను. ఎనిమిది నెలలు గడవకముందే, అంత ప్రసిద్ధమైన తేదీ కూడ ఆయన సందేహమును ఆపలేకపోయినది.

ఇక పరిశుద్ధ గ్రంథములో దమస్కు మార్గపు పౌలు ప్రక్కన తిమోతి నిలిచియున్నాడు. అవ్వయైన లోయి, తల్లియైన యునీకేలలో ముందుగా వసించిన విశ్వాసము అతనిలోను ఉన్నదని పౌలు రూఢిగా నమ్మెను (2 తిమోతి 1:5). బాల్యమునుండి లేఖనములు ఎరిగినవాడని అతనికి జ్ఞాపకము చేసెను (3:15). దమస్కు ద్వారము గుండా వచ్చినవాడు, అవ్వ ఒడి గుండా వచ్చినవానిని తేదీ అడుగలేదు.

6. యోహాను ఇచ్చిన గుర్తులు

అటులైన దేనిని పరీక్షింపవలెను? విశ్వసించుచున్నవారు తమకు నిత్యజీవము కలదని తెలిసికొనవలెనన్న ఉద్దేశముతో వ్రాయబడిన పత్రిక యోహాను మొదటి పత్రిక (5:13). తెలిసికొనుట సాధ్యమని దాని ఊహ. ఎవడును ఈ జీవితములో నిశ్చయత కలిగి యుండనేరడని చెప్పుట వినయము కాదు, అపొస్తలుని ఉద్దేశమును కాదనుటయే.

ఆ పత్రిక ఇచ్చు గుర్తులు అనేకము. యేసే క్రీస్తని నమ్ముట (5:1), ఆయన ఆజ్ఞలను గైకొనుట (2:3), సహోదరులను ప్రేమించుట (3:14), ఆయన అనుగ్రహించిన ఆత్మ (4:13). ప్రేమను గూర్చి యోహాను గాలిలో మాటలాడలేదు. ఈ లోకపు ఆస్తి గలవాడు సహోదరుని లేమిని చూచి హృదయము మూసికొనినయెడల దేవుని ప్రేమ అతనిలో ఎట్లు నిలుచునని అడిగెను (3:17). అదే అధ్యాయములో, మన హృదయము మనమీద నేరము మోపినను దేవుడు మన హృదయముకంటె గొప్పవాడని ఆదరించెను (3:20). పరీక్ష, ఆదరణ రెండును ఒకే అధ్యాయములో పక్కపక్కనే ఉన్నవి.

చిత్తూరు సీమ మామిడి తోటలకు పేరుపొందినది గనుక తోటమాలి దృష్టాంతము మనకు సులభము. అంటు కట్టినవాడు కొన్నాళ్లకు చిగురును చూచి అంటు అతుక్కొన్నదని తెలిసికొనును. అతుకు విప్పి చూచినయెడల మొక్క చచ్చును. బేనిషా చెట్టు ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు కాపు తగ్గించవచ్చును. కాపు లేని ఏడు చెట్టును నరకు రైతు లేడు. అయితే ఏండ్లు గడిచినను చిగురు లేదు, పూత లేదు, కొమ్మ ఎండినది అనునప్పుడు, “ఫలానా దినమున అంటు కట్టితిని” అను మాట ఎవరిని ఆదరించును? ఆత్మపరీక్ష చేయవలసిన విధము ఇది. ప్రతి గంటకు అతుకును విప్పుటయు కాదు, ఎండిన కొమ్మను చూడనట్లు నటించుటయు కాదు.

ఫలము కూడ మన ఆధారము కాదని చెప్పవలసి యున్నది. ఆధారము మన పాపముల నిమిత్తము చనిపోయి లేచిన క్రీస్తే. మత్తయి 7:22–23లో తమ అద్భుతములను లెక్కించి చెప్పినవారు త్రోసివేయబడిరి. ఫలము వేరును చూపును గాని వేరుకు బదులుగా నిలువదు.

7. ఒక ఆక్షేపణ

“తేదీ అడుగుట మానినయెడల నామకార్థ క్రైస్తవత్వము మరల నిద్రించును గదా?” అని ఉజ్జీవ సేవకులు అడుగుదురు. ఇది బలమైన ఆక్షేపణ. క్రిస్మసుకు, పెండ్లికి, సమాధికి మాత్రమే దేవాలయము గుర్తుకు వచ్చు కుటుంబములు మనలో ఉన్నవి. అట్టివారితో “నీకు బాప్తిస్మము ఉన్నది, భయపడకుము” అనుట కాపరి చేయగల గొప్ప ద్రోహము.

మా ప్రత్యుత్తరము ఇది. తేదీ ప్రశ్న కఠినమైనదని మేము దానిని విమర్శించుట లేదు. అది చాలినంత కఠినమైనది కాదు. “ఎప్పుడు?” అను ప్రశ్నకు ఒకసారి జవాబు నేర్చుకొన్నవాడు జీవితమంతయు తప్పించుకొనగలడు. “నేడు నీ నమ్మిక ఎవరియందున్నది? నీవు ఎవరిని క్షమింపలేదు? దేనిని విడువలేదు?” అను ప్రశ్నలనుండి తప్పించుకొనుట కష్టము. నామకార్థ క్రైస్తవుని మేల్కొలుపుటకు ఇవే పదునైనవి. మారుమనస్సు పొందిన దినము తెలిసినవాడు దానిని గూర్చి కృతజ్ఞతతో సాక్ష్యమిచ్చుగాక. అయితే సాక్ష్యము వేరు, ప్రవేశ పరీక్ష వేరు.

8. కాగితము మీది పేరు

తేదీ ప్రశ్న తాకలేని మరియొక వేదన మన సంఘములలో ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి 1956లోను 1990లోను జరిగిన సవరణల ప్రకారము షెడ్యూల్డు కులముల గుర్తింపు హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే కలదు. మన రాష్ట్రములో ఆ కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగములో చేర్చబడిరి. ఆదివారము ఆరాధనలో నిలుచు యువకుడు సోమవారము దరఖాస్తులో మతము అను గడి యొద్ద ఆగిపోవును. “మనుష్యుల యెదుట నేను ఆయనను ఎరుగననినట్లేనా? అటులైన నాకు రక్షణ ఉన్నదా?” అని కాపరిని అడుగును. అతనికి తేదీ ఉండవచ్చును. అది ఈ రాత్రి అతనికి నిద్ర పట్టించదు.

ఇందుకు తేలికైన జవాబు మేము ఇయ్యజాలము. మత్తయి 10:33 అక్కడే ఉన్నది. మనుష్యుల మెప్పును కోరి ఒప్పుకొననివారిని గూర్చి యోహాను 12:42–43 హెచ్చరించుచున్నది. అదే సువార్తలో భయపడి రహస్యముగా శిష్యుడైన అరిమతయియ యోసేపు సిలువ దినమున బయటికి వచ్చెను (19:38). ముమ్మారు కాదన్న పేతురు మరల పిలువబడెను (21:15–17). కాపరి అబద్ధమును ఆశీర్వదింపకూడదు. అన్యాయమైన ఎంపిక ముందు నిలుచున్నవానిని, అట్టి ఎంపిక ఎన్నడును ఎదుర్కొనని స్థలమునుండి భ్రష్టుడని పిలువనుకూడదు. అతనితో కూర్చుండి, సత్యము పలుకుటకు కావలసిన ధైర్యమును, దాని వలన కలుగు నష్టమును సంఘము పంచుకొనుటకు సిద్ధమా అని మొదట సంఘమును పరీక్షింపవలెను. పౌలు వాడిన బహువచనము ఇచ్చట మనలను పట్టుకొనుచున్నది.

9. కాపరి చేయదగినది

పై పరిశీలననుండి కాపరులకు, వేదాంత విద్యార్థులకు కొన్ని సూచనలు చేయుచున్నాము. సువార్త కూటములో పిలుపు ఇచ్చునప్పుడు తేదీ తెలియనివారిని రక్షణ లేనివారితో ఒకే గుంపుగా లెక్కింపకూడదు. ముందుకు వచ్చినవారిలో మునుపు ఎన్నిమారులో వచ్చినవారిని గుర్తించి, మరియొక ప్రార్థన చెప్పించుటకు బదులు వారి భయమును వినవలెను. బాప్తిస్మము కోరువారిని, నిర్ధారణ తరగతులలోని యౌవనులను తేదీ వ్రాయుమనుటకంటె 1 యోహాను పత్రికను వారితో కలిసి చదువుట మేలు. ప్రభురాత్రి భోజనమునకు ముందటి వారము ఆత్మపరీక్షకును, సమాధానపడుటకును ఉపయోగపడవలెను. 2 కొరింథీ 13:5 ప్రసంగించు ప్రతిసారి మూడవ వచనము నుండి పదియవ వచనము వరకు చదువవలెను.

మరణశయ్యపైనున్న వృద్ధురాలు తన తేదీ ఏదని అడిగినప్పుడు కాపరి ఆమె జ్ఞాపకములో వెదకవలసిన అవసరము లేదు. “అమ్మా, ఇప్పుడు నీవు ఎవరిని నమ్ముచున్నావు?” అని అడుగవచ్చును. ఆమె యేసు పేరు చెప్పినయెడల, ఆ పేరు ఆమె పెదవులపై నిలుచుటయే దేవుడు ఆమెను విడువలేదనుటకు సూచన అని ధైర్యముగా చెప్పవచ్చును. అదే కాపరి అదే సాయంకాలము, తేదీ గల పెద్దమనిషి ఇంటికి పోయి తమ్మునితో సమాధానపడితివా అని అడుగవలెను. ఈ రెండు సందర్శనములును ఒకే వచనమునకు విధేయతయే.